చల్లగా ఉన్న వైపు చూడు, అమ్మలూ

అమ్మలూ,

ఎం.టెక్ ప్రాజెక్టుకి ఫైబర్ పొరల్ని రెజిన్ అనే జిగురుతో అతికించి చేసే కాంపోజిట్ గొట్టాల్లో వేడికి పుట్టే స్ట్రెస్ (లోపలి లాగుడు, నొక్కుడు) తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కుదురు లేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే. సంతోషమూ ఉంది, భయమూ ఉంది.

కంప్యూటర్ మోడల్లో గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా, విడగొట్టేటప్పుడు పొరకో ఎలిమెంటుతో సరిపెట్టకు. ముందు మామూలు స్టీలు గొట్టానికి లోపలి ప్రెషర్ ఇచ్చి, మందపాటి గొట్టంలో స్ట్రెస్ ఎంతో చెప్పే లామే సూత్రంతో సరిచూసుకో. కార్బన్ ఫైబర్ పొడవునా వేడికి సాగదు, కాస్త కుంచించుకుంటుంది కూడా. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం నువ్వు చెయ్యకూడదు. అప్పుడు బాలానగర్‌లో పనిచేసేవాణ్ణి. గ్లాస్ ఫైబర్ గొట్టం, హీటర్ ఒక్క వైపే. ఆ వైపు 110 డిగ్రీలు, వెనక 30. నేను సగటున 70 అని రాసుకుని, చుట్టూ ఒకేలా ఉన్నట్టు మోడల్ కట్టాను. లెక్కలో ఎక్కడా ప్రమాదం కనపడలేదు. మూడోసారి వేడి చేసినప్పుడు టప్‌మంది. పగిలింది చల్లటి వైపు! అటు చల్లగా ఉందని ఆపరేటర్ కుర్రాడు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అరచెయ్యి చీరుకుపోయింది. ఆ నెత్తుటి గుడ్డ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఎందుకలా అయిందో తెలియడానికి వారం పట్టింది. వేడి వైపు సాగి గొట్టం వంగబోయింది, బిగించిన చివరలు వంగనివ్వలేదు. దాంతో చల్లటి వైపు లాగుడు పడింది. పైగా ఆ రెజిన్ గట్టిపడింది 120 డిగ్రీల దగ్గర. అక్కణ్ణుంచి చల్లబడేకొద్దీ పొరలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అంటే 30 దగ్గరున్న వైపు ముందే బిగుసుకుని ఉంది. నా సగటు ఈ రెండింటినీ మింగేసింది. స్ట్రెస్ లేని స్థితి అంటే గది వేడి అనుకోవడం ఎంత బుద్ధితక్కువ పని!

అందుకే చుట్టూ పూర్తి గొట్టం మోడల్ చెయ్యి. టైమ్ లేదు, కంప్యూటర్ చాలదు అంటే వినను. మే నెల సాయంత్రం మీ మేడ మీద వాటర్ ట్యాంకుకి పడమర వైపు ఒక చెయ్యి, తూర్పు వైపు ఒక చెయ్యి పెట్టి చూడు, నేనెందుకు ఇంత మొండిగా చెబుతున్నానో తెలుస్తుంది. చిన్నప్పుడు అదే ట్యాంకు నీడలో కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేదానివి.

ఆదివారం తార్నాక రా, అత్తయ్య పెసరట్లు వేస్తానంది. వేడి కొలిచే థర్మోకపుల్స్ ఎక్కడెక్కడ అతికించాలో కూర్చుని గీద్దాం. టెస్టు రోజు మాత్రం గొట్టం దగ్గర నిలబడకు, ఎవర్నీ నిలబడనివ్వకు. అవ్వగానే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

మీ మావయ్య