పాత బండి ఇంజన్‌లో శబ్దం: విప్పించే ముందు

చి. శ్రీనుకి,

మామయ్య ఆశీస్సులు. కొత్తగా కొన్న పాత బండి ఇంజన్‌లో శబ్దం వస్తోందని నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా విన్నాక, ఇది తీరిగ్గా రాస్తేనే నీకు పనికొస్తుందనిపించింది. 2014 మోడల్ స్ప్లెండర్ ప్లస్ తీసుకున్నావు, మంచి బండే. సామాను ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. కానీ ఒక్కసారి రేస్ ఇచ్చి విని “ఇంజన్ దించాలి” అన్న మెకానిక్‌కి బండి అప్పగించి రాకు. శబ్దం ఎప్పుడు వస్తోందో, ఏ వైపు నుంచి వస్తోందో తేలకుండా ఎవరినీ స్పానర్ పట్టనివ్వొద్దు. ఈ రెండూ నువ్వే తేల్చుకోవచ్చు. టెన్షన్ పడకు.

పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే మొదలుపెట్టు. కొన్ని శబ్దాలు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వస్తాయి, వేడెక్కితే దాక్కుంటాయి. బండి అమ్మేవాళ్లలో కొందరు మనం వెళ్లేసరికే ఇంజన్ వేడి చేసి ఉంచేది అందుకే. ఇకమీద ఎవరితో కలిసి పాత బండి చూడ్డానికి వెళ్లినా, తాళం అడిగేముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు.

ముందు ఆయిల్ సంగతి. మెయిన్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపు. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, కుడివైపు ఉన్న ఆయిల్ క్యాప్ తియ్యి. దాని పుల్ల తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడు. బిగించి చూస్తే పుల్ల ఇంకా లోపలికి దిగి, ఉన్నదానికంటే ఎక్కువ ఆయిల్ చూపిస్తుంది. తక్కువుంటే శబ్దానికి అదే కారణం కావచ్చు. ఈ బండికి కంపెనీ చెప్పింది 10డబ్ల్యు30 అనే చిక్కదనం ఉన్న ఆయిల్. శబ్దం వినపడకుండా చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్లున్నారు. కాబట్టి ఆయిల్ ఎంతుందో చూసి ఊరుకోకుండా ఒకసారి మార్పించేయి. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని ఉండాలి, అది బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని గుర్తు. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు.

మార్చేటప్పుడు పక్కనే ఉండు. పాత ఆయిల్‌ని శుభ్రమైన ప్లేటులోకి పట్టించి ఎండలో పెట్టి చూడు. వేళ్లమధ్య రుద్దితే సన్నటి బూడిదరంగు పొడి కాస్త తగిలితే కంగారు పడక్కర్లేదు, ఇంత వయసు బండిలో అది మామూలే. గోటికి తగిలేంత రేకుముక్కలు ఉంటే మాత్రం ఒక అయస్కాంతం తిప్పి చూడు. అంటుకున్నది ఇనుము, అంటే గేరో, బేరింగో, ఇంజన్ లోపలి చైనో. అంటుకోకుండా మెరిసేది అల్యూమినియం కావచ్చు, అప్పుడు పిస్టన్, కేసింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. స్ప్లెండర్‌లో మార్చుకునే ఫిల్టర్ ఉండదు. కుడి కవర్ లోపల తిరిగే గిన్నె ఒకటి, జల్లెడ ఒకటి ఉంటాయి. మడ్డి అంతా అక్కడే పేరుకుంటుంది. చాలా బండ్లలో ఏళ్ల తరబడి దాన్ని తీసి కడిగినవాళ్లే ఉండరు. ఎప్పుడైనా ఆ కవర్ విప్పే పని పడితే అదీ శుభ్రం చేయించు.

తర్వాత పైపై చప్పుళ్లు. చైన్ వదులైతే చైన్ కేసు లోపల కొట్టుకుని లొడలొడమంటుంది. ఇంజన్ ఆపి బండిని తోస్తే అప్పుడూ వినపడుతుంది కాబట్టి ఇట్టే తెలిసిపోతుంది. శారీ గార్డ్, లెగ్ గార్డ్, సైలెన్సర్ మీది రేకు, ఇంజన్ బోల్టులు చేత్తో ఊపి చూడు. సైలెన్సర్ బెండ్ హెడ్‌కి (సిలిండర్ చివర వాల్వులుండే భాగానికి) కలిసే చోట నల్లగా మసి కట్టి ఉంటే గ్యాస్ లీకవుతున్నట్టు. ఆ టకటక అచ్చం ట్యాపెట్ల (వాల్వులని నొక్కే భాగాల) చప్పుడులాగే ఉండి మంచి మెకానిక్‌లని కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు అసలు పని. బండిని ఆరుబయట పెట్టు, మూసిన షెడ్డులో వద్దు. సైలెన్సర్ పొగ ప్రాణం తీస్తుంది. పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడిని చెవి ముందున్న ఎముకకి ఆనించి, మొనని ఇంజన్ మీద ఒక్కో చోటా పెడుతూ విను. చైన్ వైపు వెళ్లొద్దు. స్ప్లెండర్ సిలిండర్ ముందుకి పడుకుని ఉంటుంది కాబట్టి ట్యాపెట్ మూతలు హెడ్‌కి పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. అక్కడ కుట్టుమిషన్‌లా సన్నగా టకటకమంటుంటే ట్యాపెట్లే. అనుమానం తీరాలంటే ఇంకో గుర్తుంది. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ (హెడ్‌లో వాల్వులు తెరిపించే ఇరుసు) ఒక్క చుట్టే తిరుగుతుంది, సైలెన్సర్ నుంచి పొగ కూడా ఆ రెండు చుట్లకీ ఒక్కసారే వస్తుంది. సైలెన్సర్ మూతికి కాస్త దూరంగా అరచెయ్యి పెట్టి ఆ దెబ్బ పట్టుకో. చప్పుడు ఆ దెబ్బతో కలిసి వస్తుంటే హెడ్‌లోదే అయ్యే అవకాశం ఎక్కువ. అంతకు రెట్టింపు వేగంతో వస్తుంటే క్రాంక్ వైపు అనుమానించాలి.

ట్యాపెట్ సెట్టింగ్ చిన్న పని. కాకపోతే చల్లటి ఇంజన్ మీద, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టే చేయించు. చప్పుడు బొత్తిగా రాకూడదని గ్యాప్ లేకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కొద్దిగా వినపడనీ, నష్టం లేదు.

ఎడమవైపు, మాగ్నెట్ కవర్ నుంచి హెడ్ దాకా జరజరమంటూ, ముఖ్యంగా రేస్ ఇచ్చి వదిలినప్పుడు వస్తుంటే టైమింగ్ చైన్, అంటే క్రాంక్ నుంచి కామ్‌షాఫ్ట్‌ని తిప్పే లోపలి చైన్. చైన్ సాగడమో, రోలర్ల మీది రబ్బరు అరగడమో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పని చేయకపోవడమో అయివుంటుంది. మూడూ చూడమను. కుడివైపు గరగర అయితే న్యూట్రల్‌లో క్లచ్ నొక్కి చూడు. నొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ బేరింగో, క్లచ్ డ్రమ్మో. చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గిపోయేది చాలావరకు పిస్టన్ చప్పుడు. బోరు పని (అరిగిన సిలిండర్, పిస్టన్ బాగుచేయించడం) ఎప్పుడో ఒకప్పుడు తప్పదు గానీ, సైలెన్సర్‌లో నీలిపొగ రానంతవరకు, పికప్ బాగున్నంతవరకు తొందరేం లేదు.

ఒక్కదానికి మాత్రం భయపడు. లోతుగా, బరువుగా డక్ డక్‌మని, ఇంజన్ వేడెక్కేకొద్దీ, ఎత్తు ఎక్కేటప్పుడూ పెరిగేది కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) చప్పుడు. అది వినపడితే బండి అక్కడే ఆపి ట్రాలీ ఆటోలో వేయించుకుని వెళ్లు. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని నడపొద్దు. రాడ్ విరిగి కేసు పగిలితే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. అది జరిగేది నువ్వు లారీల మధ్య నడుపుతున్నప్పుడు కావచ్చు, నాకు ఆ దిగులే ఎక్కువ.

సామాను మార్చాల్సి వస్తే హైదరాబాద్‌లో బండి సామాను దొరికే పుట్లీబౌలికి నువ్వే వెళ్లి కొను. కంపెనీ ప్యాక్ చూసి తీసుకో. విప్పి తీసిన పాతవి మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకో.

ముందు ఇవన్నీ చూసి, ఆదివారం లోపు రెండు రికార్డింగులు పంపు. ఒకటి పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పటిది, రెండోది బాగా తిరిగి వచ్చాక ఐడ్లింగ్‌లో (రేస్ ఇవ్వకుండా) పెట్టినప్పటిది. ఫోన్‌లో అన్ని చప్పుళ్లూ దాదాపు ఒకేలా వినపడతాయి కాబట్టి ఫోన్ ఏ వైపు పెట్టావో, క్లచ్ నొక్కితే ఏమైందో, ఆయిల్‌లో ఏం కనపడిందో కింద రాసి పెట్టు.

ఇట్లు,
నీ మామయ్య