ఐ7 అని రాసుంటే సరిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రెడీమేడ్ గేమింగ్ డెస్క్‌టాప్‌ల గురించే. విడిభాగాలు కొని బిగించుకునే ఓపిక లేక, పెట్టె విప్పి వైరు తగిలించి ఆడుకుంటే చాలనుకునేవాళ్ల ప్రశ్నలివి. కొన్ని ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కాస్త కుదించాను.

ప్ర: మా అబ్బాయి గేమింగ్ కంప్యూటర్ కావాలని ప్రాణం తీస్తున్నాడు. ఒక ప్రకటనలో "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ స్టోరేజ్, 4 జీబీ గ్రాఫిక్స్" అని ఉంది, మిగతావాటి కంటే చాలా చౌక. వాడేమో "అది వద్దమ్మా" అంటాడు, ఎందుకో అడిగితే నీకు అర్థం కాదంటాడు. కొనేయొచ్చా?

జ: మీవాడు చెప్పింది నిజమేనమ్మా, కారణం చెప్పకపోవడమే తప్పు. ఆ ప్రకటనలో ఒక్క ముక్క కూడా అబద్ధం కాకపోవచ్చు, అయినా దాన్ని చూసి కొనడానికి లేదు, ఎందుకంటే అసలు తెలియాల్సినవేవీ అందులో లేవు. ఐ7 అని ఇంటెల్ ఏళ్ల తరబడి ఎన్నో ప్రాసెసర్లు అమ్మింది. 2011లో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7నే, 2024లో వచ్చిన ఐ7-14700 కూడా ఐ7నే. ఆ పాతది ఈమధ్య తరాల ఐ3 ముందు కూడా నిలబడదు, పైగా విండోస్ 11 సపోర్ట్ చేసే ప్రాసెసర్ల జాబితాలో అది లేదు, విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. కాబట్టి పూర్తి నంబరు అడగండి. ఐ5-12400 అంటే 12వ తరం, ఐ7-2600 అంటే రెండో తరం. ఈ రకం పేర్లలో చివరి మూడంకెలకు ముందున్నదే తరం, అంతకు మించి మీరు బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

"4 జీబీ గ్రాఫిక్స్" అన్నది ఇంకా పెద్ద గారడీ. 2014లో వచ్చిన జీటీ 730 అనే నాసిరకం కార్డులో 4 జీబీ మెమరీ ఉన్న రకాలున్నాయి, 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐలోనూ అదే 4 జీబీ, కానీ ఆటల్లో ఆ రెండింటికీ పొంతనే లేదు. కార్డు పేరు రాయకుండా జీబీలు మాత్రమే రాశారంటే పేరు చెప్పుకోలేని కార్డు పెట్టారనే అనుకోండి. గేమింగ్ కంప్యూటర్‌లో ఎక్కువ డబ్బు పోవాల్సింది ఆ కార్డు మీదే, దాని పేరే దాచేవాడితో మనకు బేరమేమిటి?

స్టోరేజ్ సంగతీ అంతే. 1 టీబీ అన్నది చిప్‌ల మీద నడిచే వేగమైన ఎస్ఎస్‌డీనా, తిరిగే పళ్లేలతో నడిచే పాత రకం హార్డ్ డిస్కా అన్నది అడగాలి. హార్డ్ డిస్క్ మీద విండోస్ పెట్టిన మెషిన్‌ని ఇప్పుడు కొనడం అనవసరం. అమ్మేవాడికి ఒక్క మెసేజ్ పెట్టండి: ప్రాసెసర్ పూర్తి నంబరు, గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరు, దాని మెమరీ, ర్యామ్ ఎన్ని స్టిక్‌లు, ఎస్ఎస్‌డీ ఎంత, పవర్ సప్లయి ఏ కంపెనీ ఏ మోడల్. మంచి సరుకున్నవాడు నిమిషాల్లో చెప్పేస్తాడు. "సూపర్ కాన్ఫిగరేషన్ మేడమ్, అన్ని గేమ్‌లూ ఆడొచ్చు" అని జవాబొస్తే ఆ సంభాషణ అక్కడితో ముగించండి. ఆ జవాబులు మీవాడికే చూపించి, ఇంతకీ ఏ ఆటలు ఆడతావురా అని కూడా అడగండి, మెషిన్ ఎంత పెద్దది కావాలో సగం అక్కడే తేలిపోతుంది.

ప్ర: ఒకే ధరలో రెండు మెషిన్లు చూశాను. ఒకదాంట్లో ఐ7-14700ఎఫ్, ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ. రెండోదాంట్లో ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7600, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. ఫ్రెండ్సందరూ ఐ7 వదులుకోవద్దంటున్నారు. మానిటర్ 1440పీ కొందామనుకుంటున్నాను. ఏది తీసుకోమంటారు అన్నా?

జ: రెండోది తీసుకో తమ్ముడూ, ఫ్రెండ్స్‌తో తర్వాత మాట్లాడుకోవచ్చు. 1080పీ తెర మీద దాదాపు 20 లక్షల చుక్కలుంటే 1440పీ మీద దాదాపు 37 లక్షలు, అవన్నీ గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డే. తెర పెద్దదయ్యే కొద్దీ భారం కార్డు మీదికి పోతుంది, ప్రాసెసర్ చాలాసార్లు ఖాళీగా దిక్కులు చూస్తుంటుంది. ఆ 16 జీబీ కూడా ఊరికే పోదు. టెక్స్చర్లు, అంటే గోడలూ నేలా లాంటి వాటి మీద అతికించే బొమ్మలు, హైలో పెట్టినప్పుడు కొన్ని కొత్త ఆటలు 8 జీబీ దాటేస్తున్నాయి, అలా దాటినప్పుడు సగటు ఫ్రేమ్‌లు (సెకనుకి గీసే బొమ్మలు) బాగానే కనిపిస్తాయి గానీ మలుపు తిరిగిన ప్రతిసారీ ఆట చటుక్కున ఆగి కదులుతుంది, లేదా దగ్గరికెళ్లిన గోడ కాసేపు మసకబారిన ముద్దలా ఉండిపోతుంది. అది సెట్టింగ్స్ తగ్గిస్తే గానీ పోదు.

నువ్వు ఆడేది ప్రధానంగా వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివైతే, అవీ 1080పీలో వీలైనన్ని ఎక్కువ ఫ్రేమ్‌లతో కావాలంటే అప్పుడు ప్రాసెసర్ వైపు మొగ్గొచ్చు, కానీ 1440పీ అన్నావు కాబట్టి ఆ మాట వదిలేశాను. 7600 కూర్చునేది ఏఎం5 సాకెట్‌లో, రేపెప్పుడైనా అదే మదర్‌బోర్డు మీద మెరుగైన ప్రాసెసర్ వేసుకోవచ్చు, కాకపోతే ఆ బోర్డు ఏ మోడలో అడిగి, దానికి సరిపడే ప్రాసెసర్ల జాబితా ఒకసారి చూసుకో. 14700ఎఫ్ సాకెట్‌కి ఆ అవకాశం దాదాపు అయిపోయినట్టే. ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని ప్రాసెసర్లు వోల్టేజ్ గొడవతో క్రాష్ అవుతుంటే 2024లో ఆ కంపెనీ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) సవరణలిచ్చింది. ఎవరైనా ఆ తరాలవి కొంటే ఆ సవరణలున్న బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మూల ప్రోగ్రాం) అప్‌డేట్ చేసి ఇస్తున్నారో లేదో అడిగి తీసుకోవాలి.

ఒక జాగ్రత్త. 5060 టీఐ అనే పేరుతోనే 8 జీబీదీ ఉంది, 16 జీబీదీ ఉంది. ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. బిల్లు మీద 16 అని స్పష్టంగా రాయించుకో. ఆర్‌టీఎక్స్ 3050 అయితే మరీ అన్యాయం, 6 జీబీ రకంలో మెమరీయే కాదు, లోపలి కోర్లు కూడా 8 జీబీ రకం కంటే తక్కువ, పేరు చూస్తే ఒకటే కార్డు అనుకుంటాం.

ప్ర: రంగు లైట్లున్న క్యాబినెట్ వల్ల స్పీడ్ పెరుగుతుందా?

జ: పెరగదు. నచ్చితే పెట్టుకోండి. ముందు వైపు మొత్తం అద్దంతో మూసేసి గాలి చొరబడే సందు లేకుండా చేసిన పెట్టెలు మాత్రం వద్దు, పైన పటారం లోన లొటారం అంటే అవే. జాలీ ఉన్న ముందు భాగం, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి ఉంటే చాలు.

ప్ర: పవర్ సప్లయి 750 వాట్స్, "80 ప్లస్" అని రాశారు. అంటే మంచిదేనా? బడ్జెట్ తక్కువ కాబట్టి అక్కడ తగ్గించుకోవచ్చా?

జ: తగ్గించకూడని చోటే తగ్గించాలంటున్నారు. 80 ప్లస్ అన్నది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి ఇస్తుందో చెప్పే ముద్ర, మామూలు 80 ప్లస్ అంటే కనీసం 80 శాతం. లోపలి కెపాసిటర్లు ఏ రకమో, షార్ట్ సర్క్యూట్ అయితే ఆగిపోతుందో లేదో, ఆ వాట్స్ నిజంగా గంటల తరబడి ఇవ్వగలదో లేదో ఆ ముద్ర చెప్పదు. పేరున్న కంపెనీ 550 వాట్స్ యూనిట్ ఊరూ పేరూ లేని 750 కంటే నయం. అంకె కూడా మరీ పెద్దది అక్కర్లేదు, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ తీసుకునేది 180 వాట్స్, మొత్తం మెషిన్‌కి ఎన్విడియా సూచించేది 600. కంపెనీ, మోడల్ రెండూ రాయకుండా వాట్స్ మాత్రమే రాసిన ప్రకటనలు చూస్తే నాకు టెన్షనే.

దీనికి తోడు ఇంకో ముడి ఉంది. పెద్ద కంపెనీల రెడీమేడ్ మెషిన్లలో కొన్నింటికి పవర్ సప్లయి ఆకారం, బోర్డుకు వెళ్లే కనెక్టర్ అన్నీ వాళ్ల సొంతం. గ్యారంటీ ఉన్నన్నాళ్లు బాధ లేదు. అయిపోయాక ఆ ఒక్క భాగం చెడితే బయట దొరికే మామూలు ఏటీఎక్స్ (అందరూ వాడే ప్రామాణిక కొలత) యూనిట్ అందులో పట్టదు, మళ్లీ వాళ్ల దగ్గరికే పోయి వాళ్లు చెప్పిన ధర పెట్టాలి, లేదా మెషిన్ మూల పడేయాలి. కొనేముందు "స్టాండర్డ్ ఏటీఎక్స్ పవర్ సప్లయి, స్టాండర్డ్ మదర్‌బోర్డేనా?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఈ గొడవ ఉండదు.

ప్ర: ఆఫీసుల్లో వాడి వదిలేసిన కంప్యూటర్ చవగ్గా కొని గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటే గేమింగ్ మెషిన్ అయిపోతుందని చెప్పారు. నిజమేనా?

జ: కొంతవరకు. చిన్న బడ్జెట్‌కి ఇంతకంటే మంచి దారి తక్కువే, కానీ హద్దు తెలుసుకుని దిగాలి. ఆ మెషిన్లలో పవర్ సప్లయి చాలావరకు చిన్నది, కార్డుకి విడిగా ఇవ్వడానికి వైరు ఉండదు. బోర్డు మీది స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్స్ మాత్రమే, ఆ లోపల సర్దుకునే కార్డే పెట్టాలి. ఇందాక తిట్టిన 3050 6 జీబీ సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది, అది 70 వాట్స్‌తో నడుస్తుంది. సన్నగా ఉండే క్యాబినెట్ అయితే పొట్టి కార్డు కావాలి, కొలతలు తీసుకోకుండా కొంటే మూత పడదు. ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం కంటే పాతదైతే విండోస్ 11తో తంటా, వాలొరాంట్ లాంటివి విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు లేకపోతే తెరుచుకోవు కూడా. కొత్త భారీ ఆటల మీద ఆశ ఉంటే ఈ దారి వద్దు.

ప్ర: విడిభాగాలు కొని బిగించుకుంటేనే చౌక, రెడీమేడ్ అంటే మోసం అంటారు. మీరేమంటారు?

జ: లెక్క వేసి చూడండి అంటాను. రెడీమేడ్‌లో ఉన్న ప్రతి భాగం విడిగా ఎంతో రాసుకుని కూడండి, విండోస్ లైసెన్స్ ధర కూడా కలపండి, జనం ఎప్పుడూ మరిచేది అదే. తేడా పదో వంతు లోపుంటే బిగించిన శ్రమకీ, ఏది చెడినా ఒకే చోటికి వెళ్లే గ్యారంటీకీ అది సమంజసమే. ఐదో వంతు దాటితే వద్దంటాను. ఈ లెక్క ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2021లో గ్రాఫిక్స్ కార్డులు దొరక్క విడిగా రేట్లు మండిపోయినప్పుడు రెడీమేడ్‌లే నయమనిపించాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పెరుగుతున్నప్పుడు కూడా పాత ధరకి తెచ్చిపెట్టుకున్న స్టాక్‌లో మంచి బేరాలు తగిలాయి. కొన్న రోజు లెక్కే లెక్క. గ్యారంటీలో మాత్రం ఒకటి చదవండి, మీరు మూత తీసి ర్యామ్ వేసుకుంటే అది రద్దవుతుందా లేదా అన్నది.

ప్ర: కొనేశాను సార్. ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న మెషిన్, 144 హెర్ట్జ్ మానిటర్. కానీ ఆట 20, 25 ఫ్రేమ్‌లు దాటట్లేదు. మోసపోయానంటారా? వెనక్కి పంపేద్దామా?

జ: పంపే ముందు మెషిన్ వెనక్కి వెళ్లి మానిటర్ వైరు ఎక్కడ గుచ్చారో చూడండి. పైన నిలువుగా, యూఎస్‌బీల పక్కన ఉన్న సాకెట్‌లో ఉంటే అది మదర్‌బోర్డుది, మీ 4060 పని లేకుండా కూర్చుంది, ఆటంతా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్సే లాగుతోంది. కింద అడ్డంగా వరసగా ఉన్న సాకెట్లు కార్డువి, వైరు అక్కడికి మార్చండి. మీరు చెప్పిన అంకెలకి నా అనుమానం మొదట దీని మీదే.

అది సరిగ్గానే ఉంటే పక్క మూత తీసి చూడండి, రవాణాలో కార్డు ఊగకుండా లోపల స్పాంజి ముద్ద పెట్టి పంపుతారు కొందరు, అది తీయకుండా ఆన్ చేస్తే ఫ్యాన్లకి గాలాడక వేడెక్కి స్పీడ్ పడిపోతుంది. ఆడుతున్నప్పుడు కార్డు 70, 80 డిగ్రీల మధ్య ఉంటే కంగారు లేదు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. వాడిన స్లాట్లు రెండులో ఒకటి అని ఉంటే ఒక్కటే స్టిక్ పెట్టారన్నమాట, మెమరీ సగం దారిలోనే నడుస్తోంది, అలాంటిదే ఇంకోటి వేస్తే చాలా ఆటల్లో తడబాటు తగ్గుతుంది. అక్కడే స్పీడ్ కూడా ఉంటుంది. 6000 అని అమ్మిన డీడీఆర్5 ర్యామ్ 4800 చూపిస్తుంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని అమ్మిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేయలేదని అర్థం, చేసి పంపడం వాళ్ల పని, చాలామంది చేయరు. చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి 60 హెర్ట్జ్ (మానిటర్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క) ఉంటే 144 చేయండి. ఫ్రేమ్‌లు పెరగవు గానీ, ఆ మానిటర్ కొన్నందుకు కదలిక నున్నగా కనిపిస్తుంది.

ఇవన్నీ చేసినా 25 దాటకపోతే, టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) పేజీ తెరిచి కార్డు పేరు 4060 అనే చూపిస్తోందో లేదో చూసి, ఆ పేజీ ఫోటో, ఆట నడుస్తున్న వీడియో తీసి వాపసు గడువు దాటకముందే అమ్మినవాళ్లకి పంపండి. ఫోన్‌లో చెబితే "డ్రైవర్ అప్‌డేట్ చేయండి సార్" అంటూ గడువు జరిపేస్తారు, మెయిల్ పెట్టండి.