రక్తం కారుతుంటే పేరు అడగడమేంటి?

ప్రశ్న: ఈమధ్య మా మామయ్యగారు (68 ఏళ్లు) నకిరేకల్ దగ్గర హైవే మీద స్కూటర్ జారి పడ్డారు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. అంబులెన్స్ త్వరగానే వచ్చింది. కానీ అందులోంచి దిగిన కుర్రాడు ‘పేరేంటి తాతా, ఎక్కడికి బయల్దేరావు?’ అంటూ కబుర్లు మొదలుపెట్టాడు. తర్వాత గోరు నొక్కాడు, షుగర్ చూశాడు, పొద్దున ఏం తిన్నారని అడిగాడు. మాకేమో టెన్షన్. వెంటనే ఎక్కించకుండా ఇదంతా ఎందుకు?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అవి కబుర్లు కావమ్మా, పరీక్ష. నేను అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలోనే అత్యవసర చికిత్స చేసే మనిషిగా చేసి, ఇప్పుడు కొత్తవాళ్లకు అదే పని నేర్పుతున్నాను. ఆ అబ్బాయి కాలు కూడా చూసే ఉంటాడు, బండి దిగి నడిచొస్తున్నప్పుడే. రక్తం చిమ్ముతోందా, ఊరికే కారుతోందా అన్నదే అప్పుడు ముఖ్యం. చిమ్ముతుంటే పేరూ ఊరూ తర్వాత, ముందు గట్టిగా అదిమి పట్టి ఆపాలి. మోకాలు చెక్కుకుపోయిన గాయాన్ని కాసేపాగి చూడొచ్చు. ఊపిరి సంగతి చూడ్డానికి ఆగకూడదు.

మామయ్యగారు పేరు స్పష్టంగా చెప్పారనుకోండి. గొంతులో అడ్డేమీ లేదు, ఊపిరి ఆడుతోంది, మెదడుకు రక్తం అందుతోంది అని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. పలక్కపోతే భుజం దగ్గర గట్టిగా నొక్కి చూస్తాం. దానికీ కదలకపోతే వెంటనే నోరు, ఊపిరి, నాడి. స్పృహ లేని మనిషికి నాలుకే వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. అందుకే నలుగురు పడి ఉన్నచోట, అరుస్తున్నవాళ్ల కంటే చప్పుడు లేనివాళ్ల దగ్గరికి ముందు పరిగెత్తమని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చెబుతాను. చుట్టూ ఉన్న జనం తిడతారు, తిట్టనీ.

అతను మాట్లాడుతూనే ఛాతీ రెండు వైపులా సమానంగా లేస్తోందో లేదో చూసి ఉంటాడు. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి 2 సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. ఆలస్యమై, చెయ్యి చల్లగా, చెమటగా ఉంటే లోపలెక్కడో రక్తం పోతోందేమోనని అనుమానిస్తాం. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కనబడకుండానే లీటరు దాకా లోపల పోవచ్చు. కడుపు, తుంటి తడిమి చూసేదీ, అవసరమైతే ప్యాంటు కత్తిరించేదీ అందుకే. మెడకు దెబ్బ తగిలిందేమో తేలేదాకా పైలట్, అంటే బండి నడిపే ఆయన, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంటాడు.

షుగర్ సంగతంటారా, జారి పడ్డారు సరే, ఎందుకు పడ్డారు? 70 కంటే తగ్గి కళ్లు తిరిగాయేమో. మామయ్యగారు తెలివిగా మాట్లాడుతుంటే నేనైతే ఆ పని బండిలోనే చేసేవాణ్ణి. ప్రమాదం జరిగినచోట 10 నిమిషాలకు మించి ఉండకూడదన్నది మా లెక్క. ఏం తిన్నారన్న ప్రశ్న షుగర్ కోసమే కాదు, ఆపరేషన్ అవసరమైతే మత్తిచ్చే డాక్టరు మొదట అడిగేదీ అదే. దాహమంటున్నారని మనవాళ్లు నీళ్ల సీసా నోట్లో పెట్టేస్తారే, వద్దు.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. మామయ్యగారు వాడే మాత్రల పేర్లు కాగితం మీద రాసి ఆయన పర్సులో పెట్టండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే దాన్ని అన్నిటికంటే పైన రాయండి. అవి వాడేవాళ్ల తలకు చిన్న దెబ్బ తగిలినా మేం స్కానింగ్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లాలని చూస్తాం.