డాబా మీద వాన నీటికి పైపులు: స్లాబు పోయకముందే తేల్చుకోవలసినవి

చి. మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇంటి ప్లాను చూశాను. గదులు, మెట్లు, గాలి వెలుతురు అన్నీ బాగానే కుదిరాయి. వాన నీటి పైపుల దగ్గర మాత్రం ఇంజనీరు నాలుగు మూలల్లో నాలుగు సున్నాలు గీసి వదిలేశాడు. సైజు లేదు, వాలు లేదు, నీళ్ళు కిందికి దిగాక ఎటు పోతాయో లేదు. కోనసీమలో ఇల్లు కడుతూ ఈ సంగతి ప్లంబరు వచ్చాక చూసుకుందాంలే అనుకోకూడదు. ప్లంబరు వచ్చేసరికి స్లాబు పోసేసి ఉంటారు, పిట్టగోడ లేచి ఉంటుంది. అప్పుడిక గోడకు బెజ్జం ఎక్కడ కొట్టాలన్నదే మిగులుతుంది.

ముందు లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మీ డాబా 1200 చదరపు అడుగులు, అంటే సుమారు 111 చదరపు మీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఆ గంటలో డాబా మీద 11,100 లీటర్లు పడతాయి. వెయ్యి లీటర్ల ట్యాంకులు పదకొండు ఒక్క గంటలో కుమ్మరించినట్టు. వాతావరణ శాఖ మేఘ విస్ఫోటం అనేది ఈ తీవ్రతనే. గంటసేపూ అలా పడకపోయినా తుఫాను రోజుల్లో పావుగంట, ఇరవై నిమిషాలు ఇంతకు మించిన జోరుతో పడడం మన తీరానికి కొత్త కాదు. అందుకే పేపర్లో వచ్చే "రోజంతా ఇన్ని సెంటీమీటర్లు" అన్న అంకె మన పనికి రాదు. పైపుకు కావలసింది గంట లెక్క. నీ ఇంటికి గంటకు 150 మిల్లీమీటర్లు పెట్టుకో.

జాతీయ భవన నియమావళిలో దీనికి ఒక పట్టిక ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు 100 మి.మీ. పైపు ఒక్కటి 42.7 చదరపు మీటర్ల డాబాకు సరిపోతుంది, 75 మి.మీ. పైపు 20.4కే. వాన 150 మిల్లీమీటర్లయితే అవే 28.5, 13.6 చదరపు మీటర్లకు పడిపోతాయి. నీ 111 చదరపు మీటర్లను 28.5తో భాగిస్తే 3.9 వస్తుంది. అంటే నాలుగంగుళాల పైపులు నాలుగు. అదే మూడంగుళాలవి వేస్తే తొమ్మిది కావాలి. నాలుగు మూలలకు నాలుగు మూడంగుళాల పైపులు వేసి చాలనుకునే ఇళ్ళే ఊళ్ళో ఎక్కువ. అవి కావలసిన దాంట్లో సగం కూడా లేవు.

పైపు శుభ్రంగా, నిలువుగా ఉంటే ఈ పట్టిక చెప్పినదానికంటే ఎక్కువే మోస్తుంది. ఆ ధీమాతో పైపు తగ్గించకు. కొబ్బరి పూత, ఎండుటాకులు, పక్కింటి నుంచి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరు చేరి పైపు నోటికి పెట్టిన జాలీ సగం మూసుకుపోయిన రోజున నిన్ను కాపాడేది ఆ మిగులే.

మెట్ల గది సంగతి మరిచిపోకు. దాని పైకప్పు నీళ్ళు డాబా మీదకే దిగుతాయి కనుక ఆ వైశాల్యం కలుపుకోవాలి. గాలివానలో దాని గోడకు కొట్టిన నీళ్ళు కూడా కిందికే జారతాయి. వానకు ఎదురుగా ఉండే గోడ వైశాల్యంలో సగాన్ని ఆ మూల పైపు లెక్కలో వేసుకో. మీ మెట్ల గది ఈశాన్యం వైపు ఉంది. తుఫాను గాలి కూడా చాలాసార్లు ఆ వైపు నుంచే మొదలవుతుంది. ఆ మూలకు ఒకటి అదనంగా, మొత్తం ఐదు పైపులు వేయించు. పోర్టికోకు, బాల్కనీకి విడిగా రెండంగుళాలవి పెట్టించు. వాటిని డాబా పైపులో కలపొద్దు. పైన జోరుగా దిగే నీరు బాల్కనీలోకి ఎగదన్నుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పైపు ఎంత లావుదైనా నీళ్ళు దాని నోటిలోకి వెళ్ళాలి కదా. మన ఇళ్ళలో తూము పిట్టగోడ అడుగున అడ్డంగా బయటికి వెళ్ళి అక్కడ బెండుతో కిందికి తిరుగుతుంది. అడ్డం ముక్కలోకి నీళ్ళను నెట్టేది తూము ముందు నిలిచిన నీటి ఎత్తు మాత్రమే. ఆ ఎత్తు అరంగుళమైతే నాలుగంగుళాల పైపులో అడుగున సన్నటి పాయ పారుతుంది, మిగతా పైపు ఖాళీగా ఉంటుంది. అందుకని ప్రతి తూము ముందు అడుగున్నర చదరాన ఒక గుంట దింపించు, చుట్టూ ఉన్న గచ్చు కంటే అంగుళం నుంచి అంగుళంన్నర లోతుగా. నీళ్ళు అక్కడ చేరి, పైపు నోటికి ఎత్తు దొరుకుతుంది. ఈ గుంట లేకుండా ఆరంగుళాల పైపు పెట్టినా డబ్బు దండగే.

తూము పెట్టే వేళ కూడా ముఖ్యం. పిట్టగోడ కట్టేటప్పుడే పైపు ముక్క కూర్చోబెట్టాలి. దాని అడుగు అంచు, గచ్చు, టైల్సు అన్నీ అయ్యాక ఉండే మట్టానికి ఇంకా కాస్త కిందనే ఉండాలి. సిమెంటు పని అయ్యాక బెజ్జం కొట్టి పెడితే పైపు అంచు అరంగుళం పైకి లేస్తుంది. అక్కడ ఎప్పటికీ అరంగుళం నీళ్ళు నిలుస్తాయి. ఆ తడే రెండు మూడేళ్ళలో కింద గది మూల పెచ్చులూడగొట్టేది. ఇంకొకటి, పీవీసీ నున్నగా ఉంటుంది కనుక సిమెంటు దాన్ని పట్టదు. గోడలో ఉండే భాగానికి బయట సాల్వెంటు, అంటే పైపులు అతికించే జిగురు, పూసి, తడి ఆరకముందే పొడి ఇసుక చల్లి ఒక పూట ఆరనివ్వమను. గరుకు తేలిన ఆ ముక్కను సిమెంటు గట్టిగా పట్టుకుంటుంది.

డాబా వాలు నూటికి ఒకటి తగ్గకూడదు. పది అడుగులకు అంగుళం పావు అని మేస్త్రికి చెప్పు. నీళ్ళు ఇరవై అడుగులు నడిచి రావాలంటే ఆ చివర గచ్చు రెండున్నర అంగుళాలు ఎక్కువ లేవాలి. తూములు ఎక్కువైతే నడక తగ్గుతుంది, గచ్చు మందం తగ్గుతుంది, స్లాబు మీద బరువూ తగ్గుతుంది. పైపుల ఖర్చు అక్కడ కొంత తిరిగొస్తుంది. గచ్చు, పిట్టగోడ కలిసే చోట చుట్టూ మూడంగుళాల గుండ్రటి వాటం తీయించు. మూల చదరంగా వదిలేస్తే పగులు అక్కడే మొదలవుతుంది.

జాలీ బల్లపరుపుగా ఉండేది కొనొద్దు. ఒక్క బాదం ఆకు చాలు దాన్ని మూసెయ్యడానికి. ఉబ్బుగా, గోపురంలా ఉండేది తీసుకో. అడుగున ఆకులు చుట్టుకున్నా పై కన్నాల నుంచి నీళ్ళు దిగుతాయి. కన్నాలన్నీ కలిపి పైపు నోరుకు ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. పక్కనున్న కొబ్బరి చెట్లు చూసి, దోమతెర లాంటి సన్న వల కడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. వల ఆకుల్ని ఆపినట్టే నీళ్ళనూ ఆపుతుంది.

అన్నీ మూసుకుపోతే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. పిట్టగోడ మధ్యలో డాబా పది సెంటీమీటర్ల లోతున నిండితే నీ 111 చదరపు మీటర్ల మీద పదకొండు టన్నుల బరువు చేరుతుంది. మనుషులు తిరిగే డాబాకు ప్రమాణాలు పెట్టిన అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, అంటే పదిహేను సెంటీమీటర్ల నీరు. అంతవరకు రానివ్వకూడదు. అందుకని రెండు వైపులా పిట్టగోడలో గచ్చుకు రెండంగుళాల ఎత్తున పొర్లు తూములు పెట్టించు. వీటికి జాలీ వద్దు, కిందికి పైపూ వద్దు, అడుగు పొడవు బయటికి పొడుచుకొస్తే చాలు. వాటి నుంచి నీళ్ళు పడుతున్నాయంటే పైకెక్కి జాలీలు చూడమని ఇల్లు నీకు చెబుతున్నట్టు. అవి వీధి వైపు, కంటపడే చోట ఉండాలి.

కొనేటప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ పైపు అడుగు. మురుగు, వాడిన నీరు, వాన నీరు పోయే పైపులకు ఆ పేరు. ఐఎస్ 13592 అని, అంటే దాని భారతీయ ప్రమాణం నంబరు, పైపు మీద అచ్చు ఉండాలి. ఇందులో టైప్ ఏ, టైప్ బి అని రెండు రకాలు. వాన నీటికి టైప్ ఏ సరిపోతుందని ప్రమాణం చెబుతుంది. 110 మి.మీ. పైపులో దాని గోడ మందం 2.2 మి.మీ., టైప్ బి ది 3.2 మి.మీ. నా మాట అడిగితే మనిషి ఎత్తు వరకు, భూమిలో పోయేదంతా టైప్ బి వెయ్యి. సైకిలు తగిలినా, పిల్లలు బంతితో కొట్టినా పగలదు. పైన టైప్ ఏ చాలు. షాపులో నాలుగంగుళాలది అంటే 110 అని, మూడంగుళాలది అంటే 75 అని అర్థం. ఆ కొలత పైపు బయటిది. టైప్ ఏ లో 75 పైపు లోపలి కొలత 71 మిల్లీమీటర్లే వస్తుంది. పట్టికలోని 75కు కూడా అది తక్కువే.

అతుకుల్లో సాల్వెంటు రకం కన్నా రబ్బరు రింగు రకం మేలు. ఎండకు పీవీసీ సాగుతుంది. ఆరు మీటర్ల పైపు ముప్ఫై డిగ్రీల తేడాకు పన్నెండు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అన్నీ అతికించేస్తే ఆ సాగుడు క్లాంపుల మీద, బెండ్ల మీద పడి ఎక్కడో ఒకచోట చీలుతుంది. పైపును రెండో పైపు వెడల్పు కొసలోకి, అంటే సాకెట్టులోకి, పూర్తిగా దింపి, గుర్తు పెట్టి, పది పన్నెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగమను. రింగుకు సబ్బు నీళ్ళు రాయాలి. గ్రీజు, నూనె రాస్తే రబ్బరు పాడవుతుంది. సాకెట్టు నోరు ఎప్పుడూ పైకే చూడాలి. ఇది తిరగేసి బిగించిన ఇళ్ళలో ప్రతి అతుకు దగ్గరా గోడ మీద పాచి చార కనిపిస్తుంది.

క్లాంపులు రెండు మీటర్లకొకటి చాలంటారు. సముద్రపు గాలి తగిలే చోట నాలుగు అడుగులకొకటి పెట్టు, ప్రతి సాకెట్టు కింద ఒకటి తప్పనిసరి. ఇనుప క్లాంపులు ఉప్పుగాలికి తుప్పుపట్టి గోడంతా ఎర్రటి మరకలు పెడతాయి. పీవీసీ క్లాంపులు, స్టెయిన్‌లెస్ స్క్రూలు తీసుకో. పైపుకూ గోడకూ అంగుళం సందు ఉండాలి. అతుక్కుని ఉంటే వెనక వైపు రంగు వేయలేవు, కారినా కనపడదు.

పైపు బయట కనపడితే అందం పోతుందని గోడలో దాచమంటారు. పిల్లర్లో పోనిచ్చి కాంక్రీటు పోసేద్దామనే వాళ్ళూ ఉన్నారు. పిల్లర్లో మాత్రం ససేమిరా వద్దు. నాలుగంగుళాల పైపు తొమ్మిదంగుళాల పిల్లర్ కడుపు ఖాళీ చేస్తుంది. ఒక్క అతుకు కారితే లోపలి ఊచలకు తుప్పు పడుతుంది, దాన్ని బాగుచేసే దారి ఉండదు. బయటే వేసి గోడ రంగే పైపుకూ వేయించు. ఆ రంగు ఎండ నుంచి కూడా కాపాడుతుంది.

కింద, దిగే చోట ఒక్కసారిగా తిరిగే బెండు వద్దు. 45 డిగ్రీలవి రెండు కలిపి తిప్పించు. చెత్త అక్కడ ఇరుక్కోదు, నీటి దెబ్బా తగ్గుతుంది. దానికి కొంచెం పైన మూత తీసి శుభ్రం చేసుకునే డోర్ టీ పెట్టించు. బెండు కింద కాంక్రీటు దిమ్మ ఉండాలి. రెండంతస్తుల ఎత్తు నుంచి నీళ్ళు వచ్చి కొట్టేది అక్కడే. వట్టి మట్టి మీద వదిలేస్తే ఒక్క సీజనులో గుంట పడి పునాది పక్క మట్టి కోసుకుపోతుంది. నీళ్ళు గోడకు కనీసం నాలుగైదు అడుగుల దూరం పోవాలి. ఐదు పైపులూ కలిసే భూమిలోని గొట్టం 160 మి.మీ. ఉండాలి, వాలు నూటికి ఒకటి, మలుపు తిరిగే ప్రతి చోట ఒక చిన్న ఛాంబరు. సెప్టిక్ ట్యాంకులోకి, బాత్రూము లైనులోకి వాన నీళ్ళు కలపనివ్వకు. కలిపితే జోరువానలో ఆ మురికి కింది బాత్రూములో తేలుతుంది.

ఇంకుడు గుంత తవ్వించు, మంచిదే. కానీ మన వైపు వానాకాలంలో భూగర్భ జలం బాగా పైకొస్తుంది. గుంత నిండాక నీళ్ళు ఇంకవు. దాని నుంచి వీధి కాలువకు పొర్లు దారి ముందే పెట్టు. వీధి కాలువ మట్టం నీ ఛాంబరు కంటే ఎత్తుగా ఉందేమో ఇప్పుడే దారం పట్టి చూడమను. ఎత్తుగా ఉంటే నీ ఇంటి నీళ్ళు బయటికి పోకపోగా కాలువ నీళ్ళు లోపలికి వస్తాయి. అలాగైతే ఇంటి మట్టమే పెంచాలి. అది తేలకుండా పునాది మొదలుపెట్టొద్దు.

సామాను ఇలా రాసుకో. స్లాబు నుంచి నేల దాకా ఇరవై రెండు అడుగులు. ఒక్కో నిలువుకు ఆరు మీటర్ల పైపు ఒకటి, మీటరు ముక్క ఒకటి, క్లాంపులు ఆరు, పైన బెండు ఒకటి, కింద 45 బెండ్లు రెండు, డోర్ టీ, జాలీ ఒక్కొక్కటి. దీన్ని ఐదుతో హెచ్చవేసి, క్లాంపులు నాలుగు, రబ్బరు రింగులు ఆరు ఎక్కువ తీసుకో. భూమిలోకి ఎంత కావాలో స్థలం కొలిచాక చూద్దాం.

గచ్చు అయ్యాక తూములన్నీ గుడ్డలతో బిగించి, ఎత్తు భాగం కూడా తడిసేలా నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచు. కింద గదుల్లో తడి మచ్చ ఎక్కడా రాలేదని చూసుకున్నాకే గుడ్డలు తీయాలి. తీసేటప్పుడు ఒక్కొక్కటీ విడిగా తీసి, ఆ పైపు అతుకులన్నీ కింద నిలబడి చూడు. ఇల్లు చేరాక ఏటా రెండుసార్లు, మృగశిర కార్తెకు ముందు ఒకసారి, దసరా తర్వాత స్వాతి కార్తె లోపు ఒకసారి, జాలీలు తీసి ప్రతి పైపులో రెండు బిందెల నీళ్ళు పోసి చూడు.

ప్లానులో ఆ నాలుగు సున్నాల పక్కన 110 అని, ఈశాన్యంలో ఐదోది కూడా రాయించి మళ్ళీ ఒకసారి పంపు. కిటికీల మీదుగా, కరెంటు మీటరు మీదుగా, సంపు మూత దగ్గర దిగకుండా చోట్లు నేను గుర్తు పెట్టి పంపుతాను.

ఇట్లు,
మావయ్య