జనవరిలో డైవింగ్‌కి కోజుమెలా, బొనైరా?

డల్లాస్ నుంచి జనవరి మొదటి వారంలో బయల్దేరతాం, చేతిలో ఏడు రోజులు, నాకు ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్‌లో మొదటి స్థాయి) సర్టిఫికెట్ ఉంది, మా ఆవిడ స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీటిపైనే ఈదడం) వరకే, మెక్సికో దీవి కోజుమెల్, హోండురస్ దీవి రోవాటాన్, డచ్ దీవి బొనైర్‌లలో ఏది మంచిది అని మీరు అడిగారు కదా. నా ఓటు బొనైర్‌కే. ఈ సంగతి నేను డబ్బు తగలేసుకుని నేర్చుకున్నాను.

మేమూ ముందు ఫోటోలు చూసి కోజుమెల్ బుక్ చేశాం. డైరెక్ట్ ఫ్లైట్, పైగా చలికాలంలో ఈగిల్ రేలు (రెక్కలున్నట్టు కనిపించే చదునైన పెద్ద చేపలు) గుంపులుగా కనిపిస్తాయన్నారు. ఐదు రోజుల డైవింగ్‌కి ముందే డబ్బు కట్టేశాం. రెండో రోజు రాత్రి గాలి తిరిగింది. అక్కడివాళ్ళు దాన్ని నోర్తే అంటారు, ఉత్తరపు గాలి. తెల్లారేసరికి హార్బర్ మూసేశారు, చిన్న పడవలేవీ కదలకూడదట. రెండు రోజులు హోటల్ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాం. పడవవాళ్ళు డబ్బు వెనక్కివ్వలేదు, మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోండి అన్నారు. టెక్సస్‌లో ఒక్క రాత్రిలో చలి దింపేసే కోల్డ్ ఫ్రంట్ ఉంటుంది చూడండి, అదే గల్ఫ్ దాటి అక్కడిదాకా వస్తుందని తర్వాత తెలిసింది. మనం దేన్నుంచి పారిపోతున్నామో అదే వెంటపడి వచ్చిందన్నమాట.

మిగిలిన మూడు రోజులు బ్రహ్మాండం, అది కాదనను. పలాంకార్ అనే పగడపు దిబ్బ దగ్గర నీటి ప్రవాహమే మనల్ని మోసుకుపోతుంది, కాలు కదిపే పనుండదు. కానీ ఆ వేగంలో కొత్తవాళ్ళకి కాస్త టెన్షన్ తప్పదు. రోవాటాన్ చవకే, అయితే అక్కడ వానాకాలం జనవరిలోకి కూడా సాగుతుంది.

బొనైర్ ఎక్కడో కింద, వెనిజులా తీరానికి 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ కోల్డ్ ఫ్రంట్‌లు అంతదూరం రావడం తక్కువ. గాలి ఉంటుంది, బాగానే ఉంటుంది, కానీ తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి డైవ్ చేసే పడమటి ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. ఇంకా పెద్ద సుఖం ఏంటంటే పడవతోనే పని లేదు. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళ మీద డైవ్ సైట్ పేరు రాసి ఉంటుంది, పికప్ ట్రక్కు ఆపి, సిలిండర్ తగిలించుకుని, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగడమే. ఆరు రోజుల్లో 15 డైవ్‌లు చేశాను, ఒక్కటీ రద్దు కాలేదు.

కష్టాలూ ఉన్నాయి. ఒడ్డంతా పగడపు రాళ్ళే, గట్టి అడుగున్న బూట్లు లేకపోతే అడుగు వేయలేరు, నేను మొదటిరోజే జారి మోకాలు చీరుకున్నాను. థౌజండ్ స్టెప్స్ అని ఒక చోటుంది, నిజానికి మెట్లు 70 అటూ ఇటూ అంతే, అలిపిరి మెట్లెక్కినవాళ్ళం మనకిదో లెక్కా అనుకున్నా, తిరిగొచ్చేటప్పుడు వీపున సిలిండర్‌తో మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. నీళ్ళు 26, 27 డిగ్రీలుంటాయి, అయినా మూడో డైవ్‌కి వణుకొస్తుంది, 3 మిల్లీమీటర్ల మందమున్న ఫుల్ వెట్‌సూట్ తీసుకెళ్ళండి. ట్రక్కులో విలువైనవేవీ ఉంచకండి, అద్దాలు దించి తాళం వేయకుండా వదిలేయడమే అక్కడి పద్ధతి, లేకపోతే దొంగలు అద్దాలు పగలగొడతారు.

1984లో మునిగిన హిల్మా హూకర్ అనే ఓడని చూడాలని మీకూ అనిపిస్తుంది. అది దాదాపు 30 మీటర్ల లోతులో పక్కకి ఒరిగి ఉంటుంది. ఓపెన్ వాటర్ పరిమితి 18 మీటర్లు కాబట్టి పైనుంచి చూసి వచ్చేయండి, ఎవరో దిగుతున్నారని మీరూ దిగొద్దు. పగడాలకి సోకే ఒక జబ్బు 2023లో అక్కడ బయటపడింది, అందుకే డైవింగ్ సామాను శుభ్రం చేయడం గురించి షాపులో ఏం చెప్తే అది చేయండి.

మీ ఆవిడకి క్లైన్ బొనైర్ తప్పక చూపించండి. వాటర్ టాక్సీ ఆ చిన్న దీవి దగ్గర దించుతుంది, ప్రవాహంతో పాటు తేలుతూ రావచ్చు. మా ఆవిడ అక్కడ మూడు తాబేళ్ళని చూసింది, అదే సమయంలో నేను ఇంకోచోట 15 మీటర్ల కింద ఒక్కటీ చూడలేదు, ఇప్పటికీ దెప్పుతుంది. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలుండాలి, ఆ రోజు ఫ్లెమింగోలు చూడటానికి వెళ్ళండి.

హెచ్‌1బీలో ఉంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు చూసుకుని టికెట్లు కొనండి. ట్రక్కు కూడా ముందే బుక్ చేయండి. నేను ఆలస్యం చేస్తే మిగిలింది గేర్లు మార్చుకునే పాత బండి, పదేళ్ళ కిందట ఇండియాలో నేర్చుకున్న డ్రైవింగ్ అక్కడ పనికొచ్చింది.