జవాబులు: 500 మీటర్ల స్కేటింగ్‌లో లేన్ల పేచీ

ప్రశ్న: 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో మహిళల 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ పోటీ వీడియో చూశాను. ఇద్దరిద్దరిని పరుగెత్తించి, చివరకు అందరి సమయాలనూ పోల్చి విజేతను తేల్చారు. ఒకరు లోపలి లేన్‌లో, మరొకరు బయటి లేన్‌లో బయలుదేరడం ఇద్దరికీ న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: దూరం విషయంలో న్యాయమే, కష్టం విషయంలో పూర్తిగా కాదు. ట్రాక్ చుట్టుకొలత 400 మీటర్లు. ఒక చుట్టూ, పైన పావు చుట్టూ తిరిగే ఈ పరుగులో మలుపులు రెండే ఉంటాయి. వాటి మధ్యనున్న తిన్నని దారిలో ఇద్దరూ లేన్లు మార్చుకుంటారు కాబట్టి, ప్రతి ఒక్కరికీ లోపలి మలుపు ఒకటి, బయటి మలుపు ఒకటి దక్కుతాయి. చిక్కంతా రెండో మలుపు దగ్గర వస్తుంది. అప్పటికి వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటి ఉంటుంది. బయటి లేన్‌లో బయలుదేరిన క్రీడాకారిణి ఆ వేగంతోనే, ఇరుకైన లోపలి మలుపు తిరగాలి. శరీరాన్ని బయటికి నెట్టే ఒత్తిడిని కాళ్లతో ఆపుకోవాలి. లోపలి లేన్‌లో బయలుదేరిన ఆమెకు అదే సమయంలో విశాలమైన మలుపు దొరుకుతుంది.

నార్వే గణాంక శాస్త్రవేత్త నిల్స్ లిడ్ యోర్ట్ పాత పోటీల ఫలితాలను విశ్లేషించి, ఈ తేడా సుమారు 0.05 సెకను ఉంటుందని లెక్కగట్టారు. ఆ వాదన ఫలితంగా 1998 నాగానో నుంచి 2014 సోచి వరకు ఒలింపిక్స్‌లో ఈ పోటీని రెండుసార్లు, లేన్లు మార్చి నిర్వహించి, రెండు సమయాలనూ కూడారు. 2010 వాంకూవర్‌లో దక్షిణ కొరియాకు చెందిన లీ సాంగ్ హ్వా, జర్మనీకి చెందిన యెన్నీ వోల్ఫ్‌ను ఓడించింది రెండు పరుగులూ కలిపి 0.05 సెకను తేడాతోనే. రెండో పరుగులో వోల్ఫ్‌దే స్వల్పంగా పైచేయి. అంత దగ్గరి పోటీలో రెండు పరుగులు ఉండడం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

2018లో మళ్లీ ఒకే పరుగు పద్ధతికి వచ్చారు. మీరు చూసిన పోటీలో జపాన్‌కు చెందిన నావో కొదైరా 36.94 సెకన్లతో ఒలింపిక్ రికార్డు నెలకొల్పింది. అభిమానుల కేరింతలు ఆగకపోవడంతో, తర్వాత పరుగెత్తాల్సిన లీకి ఇబ్బంది కలగకూడదని ఆమె పెదవులపై వేలు పెట్టి నిశ్శబ్దంగా ఉండమని కోరింది. సొంత గడ్డపై మూడోసారి స్వర్ణం ఆశించిన లీ 37.33తో రెండో స్థానంలో నిలిచింది. కన్నీళ్లు పెట్టుకున్న ఆమెను కొదైరాయే దగ్గరకు తీసుకుంది. కొదైరా స్వర్ణాన్ని లేన్ల తేడాతో తక్కువ చేయలేం, ఎందుకంటే వారిద్దరి మధ్య దూరం 0.39 సెకను. అయితే కాంస్యం పొందిన చెక్ క్రీడాకారిణి కరొలీనా ఎర్బనోవా సమయం 37.34. రెండు, మూడు స్థానాలకు నడుమ 0.01 సెకనే ఉన్నప్పుడు, లేన్ కేటాయింపు ఫలితాన్ని మార్చలేదని ఎవరు చెప్పగలరు? నాలుగేళ్ల సాధనకు ఇంకో పరుగు ఇవ్వడం పెద్ద భారమేమీ కాదు. రెండు పరుగుల పద్ధతినే కొనసాగించి ఉండాల్సిందని నా దృఢమైన అభిప్రాయం. ప్రపంచ స్ప్రింట్ చాంపియన్‌షిప్‌లో 500, 1000 మీటర్లను రెండేసి సార్లు నిర్వహిస్తారు కాబట్టి, నిలకడకు అక్కడే సరైన పరీక్ష.

ప్రశ్న: మా అమ్మాయి రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ముందుముందు మంచు మీద పోటీలకు మారే వీలుంటుందా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా ఉంటుంది. 2022 బీజింగ్‌లో మహిళల 500 మీటర్ల స్వర్ణాన్ని 37.04 సెకన్లతో గెలిచిన అమెరికా క్రీడాకారిణి ఎరిన్ జాక్సన్, మంచు ఎరుగని ఫ్లోరిడాలో చక్రాల స్కేట్లతోనే ఎదిగింది. శీతాకాల ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన తొలి నల్లజాతి మహిళ ఆమే. మోకాళ్లు వంచి నడుము కిందికి ఉంచడం, పక్కకు తోసి ముందుకు సాగడం, మలుపులో కాలు మీదుగా కాలు వేయడం రెండింటికీ ఉమ్మడి విద్యలే. మంచు మీద పలుచని బ్లేడుపై నిలదొక్కుకోవడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. మన దేశంలో 400 మీటర్ల కృత్రిమ మంచు ట్రాక్ లేదు; దెహ్రాదూన్‌లోని రింక్ షార్ట్ ట్రాక్ (చిన్న చుట్టు మీద జరిగే) పోటీలకు సరిపోతుంది. కాబట్టి ఇప్పటికి రోలర్ సాధన మానకుండా, వీలైనప్పుడు అక్కడ కొన్నాళ్లు శిక్షణ ఇప్పించండి.