బంగారూ, ఆ సీసాకి మూత పెట్టకు

బంగారూ,

పీహెచ్‌డీలో నువ్వు బంగారం మీద థయాల్ పొరలు, అంటే ఒక కొసన సల్ఫర్, వెనక పొడవాటి కార్బన్ తోక ఉండే అణువుల పొరలు చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పని కష్టమేం కాదు. ఇథనాల్‌లో ఒక మిల్లీమోలార్ ఆక్టాడెకేన్‌థయాల్ కలిపి, శుభ్రమైన బంగారు పలకని రాత్రంతా ముంచి ఉంచి, పొద్దున ఇథనాల్‌తో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టు. సల్ఫర్ కొసలు నిమిషాల్లోనే బంగారాన్ని పట్టేస్తాయి, తోకలన్నీ సర్దుకుని 30 డిగ్రీల దాకా ఒకే వైపు వాలడానికే గంటలు పడుతుంది. పక్కన నిలబడి నువ్వు చేసేదేం లేదు, వెళ్లి పడుకో.

నా భయమంతా ఆ "శుభ్రమైన" అన్న మాట దగ్గరే. పలక మీది మురికిని తినేసే పిరాన్హా అనే ద్రావణం వాడతారు కదా, మూడు వంతులు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఒక వంతు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. నీ వయసులో ఒకరోజు వాడేసిన పిరాన్హాని వేస్ట్ సీసాలో పోసి, తాకి చూస్తే గోరువెచ్చగానే ఉంది కదా అని మూత గట్టిగా బిగించి ఇంటికెళ్లిపోయాను. వేడి తగ్గినా అది ఆక్సిజన్ వదులుతూనే ఉంటుందని పుస్తకంలో చదివాను కూడా, చదివి ఏం లాభం! పొద్దున వెళ్లేసరికి సీసా లేదు. తలుపు కిందికి దించని హుడ్‌లోంచి, అదే పొగల్ని బయటికి లాగే అరలోంచి, గాజుపెంకులు గది చివరిదాకా ఎగిరాయి. నా జూనియర్ రాత్రిళ్లు కూర్చునే కుర్చీ సీటు నిండా చిల్లులు. ఆ పిల్లకి జ్వరమొచ్చి ఆ రాత్రి రాలేదు, అంతే. మా గైడ్ ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. ఈ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు, చెప్పకు.

యూవీ ఓజోన్ మెషిన్ ఉంటే హాయిగా దాన్నే వాడుకో, తర్వాత కాసేపు ఇథనాల్‌లో ఉంచు. పిరాన్హా తప్పదంటే పెరాక్సైడ్‌నే ఆమ్లంలోకి కొద్దికొద్దిగా పొయ్యి. ఆ హుడ్‌లో అసిటోన్ సీసా కనపడకూడదు. ఒంటరిగా చెయ్యకు. మూత పెట్టకు. నువ్వసలే మాట వినే రకం కాదు, చిన్నప్పుడు స్విచ్‌బోర్డు విప్పింది నువ్వే కదే!

అన్నట్టు, వట్టి బంగారం మీద కూడా గాలిలోని జిడ్డు చేరి నీటిబొట్టు కాస్త లేచి నిలబడుతుంది. అది చూసి పొర వచ్చేసిందని మురిసిపోకుండా, థయాల్ పెట్టని పలకొకటి పక్కన ఉంచుకో. పొర సరిగ్గా కుదిరితే బొట్టు అంచు పలకతో చేసే కోణం 110 డిగ్రీలు దాటుతుంది. ఆ మొదటి బొట్టు ఫొటో నాకు పంపాలి. అందులో నువ్వూ ఉండాలి, సేఫ్టీ కళ్లజోడు పెట్టుకుని.

మీ పిన్ని